మీ పదార్థం పాతబడ్డాక కూడా ఒకసారి చూడండి

ఆహారం తయారుచేసే యంత్రాల ఉపరితలాల మీద, నేలలో కలిసిపోయే ప్యాకింగ్ మీద పరిశోధన చేస్తున్న శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు, వాళ్లకు నిధులిచ్చే పెద్దలకు నమస్కారం.

నేను ఒక ఆహార ఫ్యాక్టరీలో శుభ్రత పనులు చూస్తాను. పగలంతా నడిచిన మిషన్లు ఆగాక మా పని మొదలవుతుంది. మిషన్ల మీద రక్షణగా ఉండే గార్డులు విప్పాలి, అంటుకున్న ముక్కలు గీకి తీయాలి, గోరువెచ్చటి నీళ్లతో కడగాలి, నురుగు కొట్టి రుద్దాలి, మళ్ళీ కడిగి క్రిమిసంహారకం చల్లాలి, తెల్లవారేలోపు ఆరబెట్టి అప్పగించాలి. చాలా ఏళ్లుగా ఇదే పని. మీరు రాసే వ్యాసాలు దొరికినప్పుడల్లా చదువుతాను. అందులో పరీక్ష ఎలా చేశారో చెప్పే భాగాన్ని అసలు వదలను. అది చదివిన ప్రతిసారీ మీతో ఒక మాట చెప్పాలనిపిస్తుంది. మీరు పరీక్షిస్తున్నది కొత్త ముక్కను. మా చేతిలో ఉండేది పాతబడిన ముక్క. ఈ రెండూ ఒకటి కావు.

ఎందుకంటున్నానో చెప్పడానికి ఒక సంగతి రాస్తాను.

కొన్నేళ్ల కిందట మా బెల్టు లైను కింద ఫ్రేము మీద తీసిన స్వాబ్‌లో, అంటే దూది పుల్లతో తుడిచి తీసిన నమూనాలో, లిస్టీరియా అనే హానికర బాక్టీరియా వచ్చింది. ఆహారం నేరుగా తగిలే చోటు కాదు, అయినా మాకు టెన్షన్ పట్టుకుంది. మామూలుకన్నా ఎక్కువ మందు వాడి కడిగాం. మళ్ళీ స్వాబ్ తీస్తే రాలేదు. ఊపిరి పీల్చుకున్నాం. పది రోజులకు అదే చోట మళ్ళీ వచ్చింది. రోజూ మేం వాడే ఏటీపీ మీటరు (జీవకణాల్లో, ఆహారపు మురికిలో ఉండే ఏటీపీ అనే పదార్థాన్ని పట్టేది) మాత్రం అంతా శుభ్రంగా ఉందనే చెబుతోంది. మిణుగురు పురుగులో వెలుగు పుట్టించే ఎంజైమే ఆ మీటరు స్వాబ్‌లోనూ ఉంటుంది. మురికి మిగిలితే వెలుగు వస్తుంది. కానీ స్వాబ్ తగిలిన చోటు గురించే అది చెప్పగలదు.

చివరికి ఒక రాత్రి లైను మొత్తం విప్పేశాం. బెల్టును తిప్పే స్టీలు రోలరు ఒకటి చేతిలోకి తీసుకుని ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించింది. పైకి అద్దంలా మెరుస్తోంది. దాని చివర మూత దగ్గర, నీళ్లు లోపలికి పోకుండా ఆపే రబ్బరు గ్యాస్కెట్ ఉంది. కొత్తలో మెత్తగా, నొక్కితే మళ్ళీ పొంగేది. క్లోరిన్, వేడినీళ్లు, జిడ్డు వదిలించే కాస్టిక్ సోడా తగిలి తగిలి గోరులా గట్టిపడిపోయింది. దానిమీద వెంట్రుకంత పగులు. మూత ఊడదీస్తే బురద రంగు నీళ్లు కారాయి, మురుగు వాసన కొట్టింది. పైన పటారం, లోన లొటారం అంటారే, అదే. బెల్టు నడిచినంతసేపూ ఆ పగులులోంచి ఒక్కో చుక్క బయటికి వస్తోంది. మేం పైనంతా రుద్ది రుద్ది కడుగుతున్నాం.

ఆ రోజుల్లో తయారైన సరుకు బయటికి పోకుండా ఆపాం. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి ఇంటికి వెళ్లాక నిద్ర పట్టలేదు. లిస్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా నెమ్మదిగా పెరుగుతుంది. గర్భిణులకు, అప్పుడే పుట్టిన పిల్లలకు, పెద్ద వయసు వాళ్లకు ప్రాణం మీదికి తెస్తుంది. 2011లో అమెరికాలో ఖర్బూజా పండ్ల ద్వారా ఇది పాకి 147 మంది జబ్బుపడ్డారు, 33 మంది చనిపోయారు. ఆ పండ్లను కడిగి ఆరబెట్టిన యంత్రాలు సరిగ్గా శుభ్రం చేయడానికి వీల్లేనివని విచారణలో తేలింది. కలుషిత ఆహారం వల్ల ఏటా ప్రపంచంలో 60 కోట్ల మంది జబ్బు పడుతున్నారని, 4 లక్షల 20 వేల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంచనా వేసింది. ఆ చనిపోయేవాళ్లలో 1 లక్షా 25 వేల మంది 5 ఏళ్లలోపు పిల్లలు. ఇవన్నీ ఉపరితలాల వల్లే అని నేననడం లేదు. కానీ మేం కడిగే చోట జరిగే పొరపాటు ఎంత దూరం వెళ్లగలదో ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది.

ఆ గ్యాస్కెట్ తయారుచేసిన పదార్థం చెడ్డది కాదు. ఆహారానికి తగలవచ్చని పరీక్షించి, ధ్రువపత్రంతో ఇచ్చిందే. పరీక్ష రోజున అది కొత్తది, అంతే.

ఇప్పుడు స్టీలు సంగతికి వస్తాను. ఆహారం తగిలే స్టీలు గరుకుదనం సగటున 0.8 మైక్రోమీటర్లకు మించకూడదని మా రంగంలో అందరూ పాటించే లెక్క. బాక్టీరియా సుమారు అర మైక్రోమీటరు వెడల్పు, ఒకటి రెండు మైక్రోమీటర్ల పొడవు ఉంటుంది. సగటు బాగానే ఉండవచ్చు, కానీ సగటు లెక్క ఒక్క లోతైన గీతను దాచేస్తుంది. కత్తి జారిన చోట, ఎవరో తొందరలో ఇనుప పీచుతో తోమిన చోట, వెల్డింగ్ సరిగ్గా నున్న చేయని చోట సూక్ష్మజీవులు కుదురుకుంటాయి. తమ చుట్టూ జిగురు అల్లుకుంటాయి. మీరు బయోఫిల్మ్ అంటారు, మేం పాచి అంటాం. పాచి కట్టిందంటే, విడిగా ఉన్నప్పుడు క్షణాల్లో చచ్చే జీవి కూడా మా మందుకు లొంగదు. పైగా ఆ మందే స్టీలును తింటుంది. స్టీలును తుప్పు పట్టకుండా కాపాడేది దానిమీది క్రోమియం ఆక్సైడు పొర, కొన్ని నానోమీటర్ల మందం. క్లోరిన్ మందు సరిగ్గా కడగకుండా వదిలేస్తే ఆ పొర అక్కడక్కడ తెగి, సూదితో పొడిచినట్టు గుంటలు పడతాయి. 316 రకం స్టీలులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలపడానికి పెద్ద కారణం ఇదే. దానివల్ల గుంటలు తగ్గుతాయి, పూర్తిగా ఆగవు.

అందుకే సూక్ష్మజీవులను చంపే పూతలు, అంటుకోనివ్వని పూతలు వస్తున్నాయంటే అందరికన్నా ముందు సంతోషించేది మాలాంటి వాళ్లమే. ఒకసారి ఒక కంపెనీ వాళ్లు అలాంటి పూత వేసిన పలకలు మా దగ్గర ట్రయల్‌కు పెట్టారు. 99.9 శాతం సూక్ష్మజీవులు చస్తాయని కాగితం చూపించారు. కాగితం అబద్ధం కాదు. కానీ ఆ పరీక్ష ఎలా చేశారో చూడండి. ఐఎస్ఓ 22196 అనే అంతర్జాతీయ ప్రమాణ పద్ధతి. 5 సెంటీమీటర్ల చదరపు ముక్క, దానిమీద సూక్ష్మజీవులున్న కొద్దిపాటి ద్రవం, పైన పల్చటి ఫిల్మ్ కప్పి, 35 డిగ్రీల వేడిలో, 90 శాతానికి తగ్గని తేమలో 24 గంటలు ఉంచుతారు. మా గదిలో 4 డిగ్రీలు. పలక మీద ద్రవం ఉండదు, కొవ్వు పొర, మాంసకృత్తుల జిడ్డు ఉంటాయి. 24 గంటలు ఆగడానికి మాకు తీరిక ఉండదు, రెండు గంటల్లో మళ్ళీ సరుకు వచ్చి పడుతుంది. వెండి అయాన్లు ప్రొటీన్లకు, ఉప్పులోని క్లోరైడుకు అతుక్కుపోతాయని మీకు నాకన్నా బాగా తెలుసు. మరి వెండి పూతను ప్రొటీనూ ఉప్పూ లేకుండా పరీక్షిస్తే మాకు ఏం తెలుస్తుంది?

మూడు నెలలకు ఆ పలకల అంచుల్లో పూత పొక్కులు లేచింది. ఒక రాత్రి రుద్దుతుంటే చేతి గ్లవ్ మీద గోరంత పొట్టు అంటుకుంది. పారదర్శకంగా ఉంది, సరుకులో పడితే ఎవరికీ కనిపించదు. మేం బెల్టులు, గ్లవ్‌లు, చివరికి వేలికి చుట్టే పట్టీలు కూడా నీలం రంగువే ఎందుకు వాడతామో తెలుసా? నీలం రంగు ఆహారం చాలా అరుదు కాబట్టి ముక్క తెగి పడితే వెంటనే కంటికి కనిపిస్తుందని. మీరు పూత తయారుచేసేటప్పుడు, అది ఊడితే ఎలా కనిపిస్తుందో కూడా ఆలోచించండి. ఊడదు అని మాత్రం చెప్పకండి.

మీరు చేస్తున్న మిగతా ప్రయత్నాల గురించి కూడా మా వైపు నుంచి ఏమనిపిస్తుందో రాస్తాను. టైటానియం డయాక్సైడ్ పూత పనిచేయాలంటే అతినీలలోహిత కాంతి పడాలి. మాకు బెంగ పెట్టే చోట్లన్నీ మిషను లోపల, చీకట్లో ఉంటాయి. రాగి సూక్ష్మజీవులను చంపుతుంది, 2008లో అమెరికా పర్యావరణ సంస్థ రాగి మిశ్రమాలను సూక్ష్మజీవులను చంపే పదార్థాలుగా నమోదు చేసింది. కానీ పుల్లటి ఆహారంలోకి రాగి దిగుతుంది. అందుకే పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6 కన్నా తక్కువున్న ఆహారానికి రాగి తగలకూడదని అక్కడి ఆహార నిబంధనావళే చెబుతుంది. తామరాకును చూసి చేసిన నీళ్లు అంటని పూతల్లో అతి సన్నటి గుబ్బలుంటాయి. గట్టి బ్రష్షుతో నెల రోజులు రుద్దాక ఆ గుబ్బలు ఎన్ని మిగులుతాయి? పురుగులను జారవిడిచే కూజా మొక్కను చూసి 2011లో హార్వర్డ్ వాళ్లు తెచ్చిన జారుడు ఉపరితలం నాకు నిజంగా ఆశ్చర్యంగా అనిపించింది. అయితే అది జారడానికి అందులో నింపిన నూనె రోజూ కొంచెం కొంచెం తగ్గుతుంది కదా, అది చేరేది సరుకులోకే. ట్రైక్లోసాన్ అనే రసాయనం సంగతి గుర్తుంది కదా. సూక్ష్మజీవులను చంపుతుందని ఎన్నో వస్తువుల్లో కలిపారు. 2010లో యూరప్ దాన్ని ఆహారం తగిలే ప్లాస్టిక్‌లలో కలపదగ్గ పదార్థాల జాబితాలోంచి తీసేసింది.

వీటన్నిటిలో నాకు ఆశ కలిగించింది ఎన్-హాలమీన్ రకం పూతలు. క్లోరిన్‌ను పట్టి ఉంచి సూక్ష్మజీవిని చంపుతాయి, ఆ క్లోరిన్ అయిపోయాక మేం మామూలుగా బ్లీచింగ్ ద్రావణంతో కడిగితే మళ్ళీ నిండుతాయి. ఇంకా చూడాల్సింది చాలా ఉంది, జిడ్డు తగిలితే క్లోరిన్ త్వరగా అయిపోతుంది, ఎంత కాలం ఊడకుండా ఉంటుందో తేలాలి. అయినా అందులో నాకు నచ్చింది ఒకటే. దాన్ని ఆలోచించిన వాళ్లు, ఈ పలకను రోజూ ఒక మనిషి కడుగుతాడు అని గుర్తుపెట్టుకుని ఆలోచించారు.

మళ్ళీ మళ్ళీ వాడే ప్లాస్టిక్ వస్తువుల్లోంచి ఆహారంలోకి ఏం దిగుతుందో తేల్చడానికి యూరప్ నిబంధనల్లో ఒకే ముక్కను 3 సార్లు పరీక్షిస్తారు. మంచి నియమమే. కానీ మా బెల్టు ఏడాదికి మూడొందల సార్లు కాస్టిక్ నురుగులో తడుస్తుంది. మూడోసారికీ మూడొందలోసారికీ మధ్య ఏం జరుగుతుందో మీరు చెప్పకపోతే మాకు చెప్పేవాళ్లు లేరు.

ఇక ప్యాకింగ్.

యంత్రం మీది ఉపరితలం ఏళ్ల తరబడి చెక్కు చెదరకూడదు. ప్యాకెట్ మాత్రం సరుకు ఉన్నన్నాళ్లు గట్టిగా ఉండి, పని అయిపోగానే మట్టిలో కలిసిపోవాలి. ఒకే పదార్థాన్ని ముందు సూక్ష్మజీవిని ఆపమని, తర్వాత అదే సూక్ష్మజీవికి తిండి కమ్మని అడుగుతున్నాం. ఇది ఎంత కష్టమైన పనో నాకు తెలుసు. కాబట్టే, నేలలో కలిసిపోయే ఫిల్మ్‌లోకి వెండి కణాలు, సూక్ష్మజీవులను చంపే రసాయనాలు కలుపుతున్న వాళ్లను ఒకటి అడుగుతాను. ప్యాకెట్ లోపల చంపిన మందు, కంపోస్ట్ కుప్పలోకి వెళ్లాక అక్కడి మేలు చేసే జీవులను వదిలిపెడుతుందా? ఆ పరీక్ష కూడా అదే వ్యాసంలో ఉండాలి.

సెల్లోఫేన్ కథ మీ అందరికీ తెలిసిందే. జాక్ బ్రాండెన్‌బర్గర్ సెల్యులోజ్‌తో చేసిన ఆ పారదర్శక ఫిల్మ్ మట్టిలో కలిసిపోయేదే. అయితే తేమను ఆపలేకపోయేది. 1927లో డ్యూపాంట్ అనే అమెరికా రసాయన కంపెనీలో విలియం హేల్ చార్చ్ దానిమీద నైట్రోసెల్యులోజ్, మైనం ఉన్న సన్నటి పూత వేశాకే ఆహారాన్ని ఆరిపోకుండా కాపాడటానికి పనికొచ్చింది. దాదాపు వందేళ్లయినా మన చిక్కుముడి అక్కడే ఉంది. మొక్కల నుంచి వచ్చే పదార్థాలకు నీళ్లంటే ఇష్టం. మొక్కల పీచును అతి సన్నగా చీల్చి చేసే నానోసెల్యులోజ్ పొడిగా ఉంటే ఆక్సిజన్‌ను అద్భుతంగా ఆపుతుంది, తేమ పెరిగితే చేతులెత్తేస్తుంది. మొక్కజొన్న లాంటి పంటల నుంచి చేసే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ ఫిల్మ్ తేమను, ఆక్సిజన్‌ను మామూలు ప్యాకింగ్ పొరలంత బాగా ఆపలేదు, 55, 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. బాక్టీరియా తమలో కొవ్వులా దాచుకునే పీహెచ్‌బీ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థాన్ని మొరీస్ లెమోయిన్ 1926లోనే కనిపెట్టాడు. నేలలో, సముద్రంలో కూడా కరిగిపోయే రకం. కానీ పెళుసు, పైగా కరిగే వేడికీ పాడైపోయే వేడికీ మధ్య తేడా చాలా తక్కువ.

మా ప్యాకింగ్ లైను మీద ఇలాంటి ఒక ఫిల్మ్ పెట్టి చూశాం. సీలు వేసే దవడల వేడి కొంచెం తగ్గితే అతుకు పడలేదు, కొంచెం పెరిగితే అంచు ముడుచుకుపోయింది. వారం తిరిగేసరికి సీలు దగ్గర గాలి పోయిన ప్యాకెట్లు పక్కన కుప్ప పడ్డాయి. లోపలి సరుకంతా పారేశాం. ప్లాస్టిక్ తగ్గించాలని మొదలుపెట్టి ఆహారం పారబోస్తుంటే కడుపు తరుక్కుపోయింది. 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క. ప్యాకెట్ చక్కగా మట్టిలో కలిసినా, లోపలి ఆహారం ముందే పాడైతే ఆ పంటకు పెట్టిన నీళ్లు, ఎరువు, శ్రమ అన్నీ పోయినట్టే. కాబట్టి ఎన్ని రోజుల్లో కరిగిందో చెప్పేటప్పుడు, సరుకును ఎన్ని రోజులు కాపాడిందో కూడా పక్కనే రాయండి.

కరగడం గురించీ అదే మాట. ఈఎన్ 13432 అనే యూరప్ ప్రమాణం ప్రకారం కంపోస్ట్ అయ్యే ప్యాకింగ్ 6 నెలల్లోపు 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి, 12 వారాల్లో కనీసం 90 శాతం 2 మిల్లీమీటర్ల జల్లెడలోంచి పోయేంత చిన్న ముక్కలవ్వాలి. ఇది జరిగేది దాదాపు 58 డిగ్రీల వేడి ఉన్న పారిశ్రామిక కంపోస్ట్ కుప్పలో. పెరటి మట్టిలో 58 డిగ్రీలు ఎక్కడివి? కాలువలో ఎక్కడివి? 2019లో ప్లైమౌత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తమ ఫలితాలు ప్రచురించారు. బయోడిగ్రేడబుల్ అని రాసి ఉన్న సంచిని 3 ఏళ్లు మట్టిలో, సముద్రపు నీళ్లలో ఉంచి బయటికి తీస్తే అది ఇంకా సామాను మోయగలిగింది. కంపోస్ట్ అయ్యే రకం సంచి సముద్రంలో 3 నెలల్లో కనిపించకుండా పోయింది, అదే మట్టిలో 27 నెలలకు కూడా ఉంది. యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్లు 2022లో, ఇళ్లలో కంపోస్ట్ చేసుకునే వాళ్లతో కలిసి చేసిన పరిశీలనలో, ఇంటి కంపోస్ట్‌లో కరుగుతాయని ధ్రువీకరించిన ప్లాస్టిక్‌లలో 60 శాతం పూర్తిగా కరగలేదు. ఇలాంటి పరిశోధన ఏళ్లు తీసుకుంటుంది, కొత్తది కనిపెట్టానని చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. అయినా ఓపిగ్గా కూర్చుని చేసిన వాళ్లకు నేను చేతులెత్తి దండం పెడతాను. నిధులిచ్చే పెద్దలు ఇలాంటి పనికి కూడా డబ్బు కేటాయించాలని నా విన్నపం. మూడేళ్లు పట్టే పరీక్షకు ఏడాది నిధులిస్తే ఎవరూ చేయలేరు.

ఇంకొకటి. పచ్చగా, సహజంగా కనిపించేదాన్ని మా పనివాళ్లు, కొనేవాళ్లు వెంటనే నమ్మేస్తారు. పీచుతో చేసిన గిన్నెల్లో నూనె ఇంకకుండా పీఫాస్ అనే, ఏళ్లు గడిచినా విడిపోని రసాయనాలు కలిపారు. గిన్నె కంపోస్ట్ అయింది, పీఫాస్ ఆ కంపోస్ట్‌లో మిగిలిపోయింది. నూనె ఇంకకుండా ప్యాకింగ్‌లో వాడే ఆ రసాయనాల అమ్మకం తమ దేశంలో ఆగిపోయిందని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024లో ప్రకటించేదాకా ఏళ్లు గడిచాయి. వెదురు కప్పులన్న పేరుతో వెదురు పొడిని మెలమిన్ రెసిన్ అనే గట్టి ప్లాస్టిక్‌లో కలిపి అమ్మితే, వేడి పానీయంలోకి ఫార్మాల్డిహైడ్ దిగుతోందని, అసలు అలా కలపడానికి అనుమతే లేదని 2021లో యూరప్ దేశాలు కలిసి తనిఖీలు చేయాల్సి వచ్చింది. కాబట్టి మీ ఫిల్మ్‌లో, మీ పూతలో ఏమేం కలిశాయో పూర్తిగా చెప్పండి. ప్రధాన పదార్థం పేరు ఒక్కటే చెప్పి మెత్తబరచడానికి, అతికించడానికి, రంగుకు కలిపినవి వదిలేస్తే, మట్టిలో చివరికి మిగిలేది ఆ వదిలేసినవే.

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. ముక్కను పరీక్షించే ముందు కాస్టిక్‌లో, యాసిడ్‌లో, క్లోరిన్‌లో వందల సార్లు ముంచి తీయండి, బ్రష్షుతో రుద్దండి, కత్తితో గీయండి. కొవ్వు పూసి, 4 డిగ్రీల చలిలో పెట్టి చూడండి. ఏ మందుకు తట్టుకుంటుందో, దేనికి తట్టుకోదో, ఏ గుర్తు కనిపిస్తే తీసేసి కొత్తది వేయాలో నాలుగు మామూలు మాటల్లో రాసివ్వండి. మా వాళ్లు అర్ధరాత్రి గ్లవ్‌లు వేసుకుని చదవాల్సింది ఆ కాగితమే. పనిచేయని పూతల గురించి కూడా ప్రచురించండి. మీ దగ్గర విఫలమైనదాన్నే ఇంకొకరు మళ్ళీ తయారుచేసి మా లైను మీదికి తెస్తున్నారు.

ఏళ్లుగా మార్చిన విడిభాగాలను పారేయకుండా దాచిపెట్టాను. గోరులా గట్టిపడిన గ్యాస్కెట్లు, అంచున దారాలు లేచి నీళ్లు పీల్చుకునే బెల్టు ముక్కలు, కత్తిగాట్లతో నిండిన కోత పలకలు, పొక్కులు లేచిన ఆ పూత పలక కూడా ఉన్నాయి. ఏది ఎన్నాళ్లు వాడామో, ఏ మందుతో కడిగామో ఒక్కో సంచి మీద రాసి ఉంది. మా యాజమాన్యం అనుమతి ఇచ్చింది, అడిగిన వాళ్లకు పంపిస్తాను. వీలైతే మీరే ఒక రాత్రి రండి. బూట్లు, ఆప్రాన్ మేమిస్తాం. కడగడం మొదలయ్యే ముందు వచ్చి, మీ ముక్కను మా లైను మీద బిగించి, తెల్లవారేదాకా మాతో ఉండండి.

ఇట్లు,
రాత్రి షిఫ్టు శుభ్రత విభాగం నుంచి
మీ శ్రేయోభిలాషి